మద్యం వల్ల కాలేయం గట్టిపడిన రోగి రక్తప్రసరణను ఇంట్లో కనిపెట్టి ఉండటం ఎలా

ఏళ్ల తరబడి మద్యం తాగడంతో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే స్థితిని సిరోసిస్ అంటారు. పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిరకు కాలేయంలో దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. ఆ రక్తం అన్నవాహిక, జీర్ణాశయం గోడల్లోని సన్నని సిరల మీదుగా పక్కదారి పట్టి వాటిని ఉబ్బిస్తుంది. పేగుల చుట్టూ ఉన్న ధమనులు వ్యాకోచించి రక్తం అక్కడే ఎక్కువగా చేరడంతో, ఒంట్లో రక్తం తగ్గిందన్నట్టుగా మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. కాళ్ల వాపు, పొట్టలో నీరు అందువల్లనే.

కాబట్టి రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, టిఫిను తినకముందే, ఒకే రకం దుస్తులతో బరువు చూసి రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరే, వైద్యునికి చెప్పాలి.

నీళ్లు తగ్గిస్తే పొట్ట తగ్గుతుందని చాలామంది రోగిని దాహంతో ఉంచుతారు. వైద్యుడు చెబితే తప్ప అది అనవసరం, తగ్గించవలసింది ఉప్పు. రోజు మొత్తానికి సుమారు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. చిత్తూరు వైపు ఇళ్లలో రాగి సంగటితో చిక్కు లేదు, దాని పక్కన వేసుకునే ఊరిబిండి పచ్చడితో, ఊరగాయతోనే చిక్కంతా. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది గనుక, నీరు తీసే మాత్రలు వాడేవారు అడగకుండా దాన్ని వాడరాదు.

అలిపిరి మెట్లెక్కి మోకాళ్లు నొప్పి పుట్టినా సరే, మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకోకూడదు. అవి మూత్రపిండాలకు అందే రక్తాన్ని మరింత తగ్గిస్తాయి.

ఉబ్బిన సిరల ఒత్తిడి తగ్గించడానికి ప్రొప్రనొలాల్ లేదా కార్వెడిలాల్ ఇస్తారు. బీపీలో పై సంఖ్య 90 కన్నా దిగితే, నిలబడగానే కళ్లు తిరిగితే వెంటనే వైద్యునికి తెలపాలి. మాత్రను సొంతంగా మానరాదు. మద్యం పూర్తిగా మానవలసిందే, కానీ రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు, కనుక ఆ పని వైద్యుని పర్యవేక్షణలో జరగాలి.

ఆ ఉబ్బిన సిరలు పగిలి రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది గానీ, ఆ తేడా తేల్చవలసింది ఇంట్లోవారు కాదు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేసి, తిరుపతిలోనైతే రుయా, స్విమ్స్ వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. అక్కడ ఎండోస్కోపీ (నోటి గుండా పంపే కెమెరా గొట్టం) ద్వారా ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు వేసి రక్తస్రావాన్ని ఆపుతారు.