తిమ్మిరి, పిక్క నొప్పి, ఫిట్స్, తూలుడు: పరీక్షకు వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనో, నడుస్తుంటే తూలుతోందనో డాక్టర్‌కి చెబితే చీటీ మీద ఎన్‌సీఎస్ (నరాల వేగం చూసేది), డాప్లర్ (రక్తప్రసరణ చూసేది), ఈఈజీ (మెదడు తరంగాలు చూసేది), వీఎన్‌జీ (తల తిరుగుడుకి కళ్ల కదలిక చూసేది) అని పొడి అక్షరాల్లో ఏదో ఒకటి రాసిస్తారు. కోత ఉండదు, చాలావాటికి సూది కూడా ఉండదు, కాబట్టి టెన్షన్ పడకండి. చిక్కల్లా ఏమిటంటే, వీటిలో ప్రతి పరీక్షా చూడగలిగేది కొంచెమే. తప్పు పరీక్షకు వెళ్తే రిపోర్టు నార్మల్ అని వస్తుంది, బాధ మాత్రం ఎక్కడికీ పోదు.

అందుకే ముందు మీ బాధ ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది కాగితం మీద రాసుకోండి. కొంత దూరం నడిచాక పిక్క పట్టేసి, నిలబడగానే కొద్ది నిమిషాల్లో తగ్గితే అనుమానం రక్తప్రసరణ మీదికి పోతుంది. నిలబడితే తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గితే వెన్నులో నరాల మీద ఒత్తిడి ఉందేమో చూడాలి. నడకతో సంబంధం లేకుండా రాత్రిళ్లు అరికాళ్లు మండుతుంటే అది ఎక్కువగా నరాల వ్యవహారం. ఈ నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పగలిగితే డాక్టర్ రాసే చీటీయే మారిపోవచ్చు. చీటీ చేతికొచ్చాక "ఇది నార్మల్ వస్తే తర్వాత ఏం చేద్దాం?" అని కూడా అడగండి, మొహమాటపడొద్దు.

ఒక్క మాట: మూతి ఒక పక్కకు వంగడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం హఠాత్తుగా వస్తే ఇవేవీ ఆలోచించకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే అవకాశం, తగ్గిపోయినట్టు అనిపించినా ఆగొద్దు.

నరాల పరీక్ష ఎన్‌సీఎస్‌లో చర్మం మీద చిన్న పట్టీలు అంటించి, కొన్నిసార్లు వేలికి ఉంగరంలా వైరు చుట్టి, నరం మీద చిన్న షాక్ ఇస్తారు. చురుక్కుమంటుంది, వేళ్లు వాటంతట అవే ఎగిరిపడతాయి, అంతే. సిగ్నల్ ఎంత వేగంగా పోతోందో లెక్క కడతారు, చేతుల్లో సెకనుకు 50 మీటర్లు, కాళ్లలో 40 మీటర్ల పైన ఉంటే మామూలుగా సరే అంటారు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది చలి. చర్మం చల్లగా ఉంటే ఒక్కో డిగ్రీకి వేగం సుమారు 2 మీటర్ల దాకా పడిపోతుంది, బాగున్న నరం కూడా జబ్బుదానిలా కనబడుతుంది. ఏసీ గదిలో చేతులు చల్లబడి ఉంటే నోరు తెరిచి చెప్పండి, వేడి చేశాకే మొదలుపెడతారు. ఆ రోజు లోషన్, నూనె రాయొద్దు, ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లండి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. దీనితోపాటు ఈఎంజీ అని కండరాల పరీక్ష కూడా రాస్తే అందులో మాత్రం కండరంలోకి సన్న సూది పోతుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పడం మర్చిపోకూడదు. ఇంకోటి, ఎన్‌సీఎస్ పెద్ద నరాల తీగలనే చూస్తుంది. మంట, సూదులు గుచ్చినట్టుండటం సన్న తీగల వల్ల వస్తే ఈ రిపోర్టు నిక్షేపంగా వస్తుంది, అంతమాత్రాన మీ మంట అబద్ధం కాదు.

రక్తప్రసరణకు నాకు బాగా నచ్చిన పరీక్ష ఏబీఐ, అంటే చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చడం. పడుకోబెట్టి, ఓ పది నిమిషాలు ఆగి, చేతులకూ చీలమండలకూ బీపీ చూస్తారు. చీలమండ దగ్గరి పై అంకెను చేతుల్లో ఎక్కువ వచ్చిన పై అంకెతో భాగిస్తారు. చీలమండలో 108, చేతిలో 135 అనుకోండి, 0.8 వస్తుంది. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కాలి ధమనుల్లో అడ్డు ఉన్నట్టు, 1.0 నుంచి 1.4 దాకా మామూలు. 1.4 దాటితే సంబరపడొద్దు, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి బీపీ పట్టీకి నొక్కుకోకపోతే అలా వస్తుంది, అప్పుడు బొటనవేలి దగ్గర బీపీ చూడమనాలి. పడుకున్నప్పుడు బాగానే వచ్చి నడిస్తే మాత్రం నొప్పి వస్తుంటే, నడిపించి వెంటనే మళ్లీ చూస్తారా అని అడగండి. పరీక్షకు ముందు సిగరెట్, కాఫీ వద్దు. సిరల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్‌లో చర్మం మీద పెట్టే స్కానింగ్ మొనతో అక్కడక్కడ గట్టిగా నొక్కుతారు, గడ్డ లేని సిర నొక్కితే మూసుకుపోతుంది, అందుకే ఆ నొక్కుడు.

ఈఈజీ అంటే మెదడుకు షాక్ ఇస్తారని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 1924లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేసినప్పటి నుంచీ ఆ వైర్లు లోపలి కరెంటును పట్టుకోవడమే తప్ప బయటి కరెంటు పంపవు. ముందు రోజు తలంటుకోండి, నూనె, జెల్ వద్దు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రాత్రి తక్కువ నిద్రపొమ్మంటే నిజంగానే తక్కువ పడుకోండి, కావాలనే చెబుతారు. లోపల 3 నిమిషాలు గబగబా ఊపిరి పీల్చమంటారు, కళ్ల ముందు లైటు టకటకా వెలిగిస్తారు. ఫిట్స్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఆ అరగంటలో ఏమీ దొరకనంత మాత్రాన ఫిట్స్ లేనట్టు కాదు, కాబట్టి ఫిట్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే చూపించండి, ఒక్కోసారి రిపోర్టు కంటే అదే ఎక్కువ చెబుతుంది. ఎమ్మారై స్కాన్ కూడా రాస్తే, ఒంట్లో ఎక్కడ ఏ లోహం ఉన్నా, కంట్లో ఇనుప రజను ఎప్పుడో పడినా సరే, చెప్పాలి.

ఇక తల తిరగడం. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మితే ముందు చూడాల్సింది బీపీ. 5 నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకు ఇంకోసారి చూసుకుంటే, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే అది డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతే. మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగితే చెవిలోపలి సున్నపు రేణువులు జరిగి ఉండొచ్చు. దీనికి డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చాలు, మిషనే అక్కర్లేదు: తల 45 డిగ్రీలు తిప్పి చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు ఎలా కొట్టుకుంటున్నాయో చూస్తారు. దీన్ని వదిలేసి నేరుగా స్కానింగ్‌కి పరుగెత్తడం నాకైతే తిక్కగా అనిపిస్తుంది. మెడ నొప్పి ఉంటే ముందే చెప్పండి.

వీఎన్‌జీలో నల్ల కళ్లజోడు పెడతారు, అందులో కెమెరాలు కళ్ల కదలికను తీస్తాయి. కాటుక, మస్కారా ఉంటే కెమెరా కనుపాపను పట్టుకోలేదు, ఆ రోజు వద్దు. చెవిలోకి 30 డిగ్రీల నీళ్లు, తర్వాత 44 డిగ్రీల నీళ్లు పోస్తారు, కొన్నిచోట్ల గాలి ఊదుతారు. గిర్రున తిరుగుతుంది, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఆ తిరుగుడు మధ్యలో కూరగాయల పేర్లు చెప్పమనో, వెనక నుంచి అంకెలు లెక్కపెట్టమనో అడుగుతారు, వేళాకోళం అనుకోకండి, మనసు చురుగ్గా లేకపోతే కళ్ల కదలిక అణిగిపోయి ఫలితం తప్పుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే ముందే చెప్పండి, గులిమి ఉంటే తీయించుకుని వెళ్లండి. తల తిరగకుండా వేసుకునే మాత్రలను చాలాచోట్ల ఒకటి రెండు రోజుల ముందు ఆపమంటారు, ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి రాసుకోండి. కడుపు నిండా తిని వెళ్తే వాంతి అవ్వొచ్చు. బండి మీరు నడపకుండా వెంట ఒకరిని తీసుకెళ్లండి.