ఏళ్లు గడిచిన మొక్కల అక్వేరియం: సమస్య ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ మొదలవుతుంది

కొత్త ట్యాంకులో ఏదైనా తేడా వస్తే వారం తిరిగేలోపు తెలిసిపోతుంది. మూడు నాలుగేళ్లు బాగా నడిచిన ట్యాంకు అలా కాదు. ఎప్పుడో ఆరు నెలల కింద మొదలైన తేడా ఈరోజు ఆకు మీద చిల్లుగానో, నీటి మీద జిడ్డుగానో బయటపడుతుంది. "నేనేమీ మార్చలేదే!" అని మనం కంగారు పడతాం. మనం మార్చకపోయినా లోపల మార్పు ఆగదు. మొక్కలు గుబురవుతాయి, అడుగు మట్టిలో సారం తగ్గుతుంది, ఫిల్టర్ నుంచి వచ్చే ధార సన్నబడుతుంది, నీళ్ల గుణం మెల్లగా మారిపోతుంది.

అందుకే ఏ సమస్య కనిపించినా ముందు నేను చేసే పని ఒకటే. ట్యాంకు నీళ్లకూ, మార్పిడికి వాడే నీళ్లకూ పక్కపక్కనే పీహెచ్, కేహెచ్, నైట్రేట్, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) చూస్తాను. కేహెచ్ అంటే నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. రెండింటికీ మధ్య దూరం పెరిగిందంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

పాత చేపలు బాగున్నాయి, కొత్తవి రెండు రోజుల్లో చనిపోతున్నాయి

చాలామంది చేపలు అమ్మినవాళ్లను అనుమానిస్తారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. పరీక్ష చేసి చూస్తే ట్యాంకులో కేహెచ్ దాదాపు సున్నా, పీహెచ్ 6 కన్నా కిందకు పోయి ఉంది.

అసలు జరిగేది ఇది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పనిలో నీటి క్షారత, అంటే కేహెచ్, ఖర్చవుతుంది. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7 మిల్లీగ్రాముల పైచిలుకు క్షారత పోతుంది. నీళ్లు మార్చడం తగ్గిస్తే పోయింది తిరిగి రాదు. పీహెచ్ 6 కిందకు దిగాక ఆ బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ ఆమ్ల నీటిలో అది విషం తక్కువగా ఉండే అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి పాత చేపలు నెమ్మదిగా అలవాటు పడి బతికేస్తాయి. కొత్త చేపకు ఆ అవకాశం లేదు.

దయచేసి ఇక్కడ ఒక్క పొరపాటు చేయకండి. భయపడి ఒకేసారి 80 శాతం నీళ్లు మార్చేస్తే పీహెచ్ 7 దాటుతుంది, మిగిలిన అమ్మోనియంలో కొంత విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది. అప్పటిదాకా బతికిన పాత చేపలు కూడా పోయే ప్రమాదం ఉంది. రోజుకు లేదా రోజు విడిచి రోజు 10 శాతం చొప్పున రెండు మూడు వారాలు మార్చండి. ఆ రోజుల్లో మేత బాగా తగ్గించండి. అమ్మోనియా సున్నాకు వచ్చి, రెండు నీళ్ల కొలతలు దగ్గరపడ్డాక వారానికి 25 నుంచి 30 శాతానికి పెంచుకోవచ్చు. కొళాయి నీళ్లలోనే కేహెచ్ తక్కువైతే పగడపు ముక్కల సంచి ఒకటి ఫిల్టర్‌లో వేయండి. వంటసోడా కూడా పనికొస్తుంది: 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ సుమారు 1 డిగ్రీ పెరుగుతుంది. రోజుకు ఒక డిగ్రీకి మించి పెంచొద్దు, అమ్మోనియా ఉన్నంతకాలం సోడా జోలికే పోవద్దు.

ఆక్వాసాయిల్ (మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు) వేసిన ట్యాంకులో కేహెచ్ తక్కువగా ఉండడం మామూలే. ఆ మట్టి గుణమే అది. అక్కడ అమ్మోనియా సున్నా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఆవిరైన నీటి బదులు ఎప్పుడూ కఠిన జలమే నింపుతూ పోతే లవణాలు లోపలే మిగిలి టీడీఎస్ పెరుగుతూ ఉంటుంది. ఆవిరైన మేరకు ఆర్ఓ నీళ్లు పోయండి.

ఆకులకు చిల్లులు, లేదా చిగురు పాలిపోవడం

ఏ ఆకు అన్నదే అసలు ఆధారం. నైట్రోజన్, పొటాషియం, మెగ్నీషియం తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి తీసి చిగురుకు పంపుకుంటుంది. కాబట్టి లోపం కింది ఆకుల్లో కనిపిస్తుంది. సూది మొనంత చిల్లులు పడి వాటి చుట్టూ పసుపు అంచు వస్తే పొటాషియం, ఆకు మొత్తం పసుపెక్కి రాలితే నైట్రోజన్ అనుకోవచ్చు. ఇనుము అలా కదలదు. అది తక్కువైతే చిగురే తెల్లబోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి.

పాత ట్యాంకులో ఇది రావడం సహజం. ఏడాది రెండేళ్లకు మట్టిలోని పోషకాలు చాలావరకు అయిపోతాయి, మొక్కలేమో మొదట్లో కన్నా ఎన్నో రెట్లు ఉంటాయి. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ లాంటి వేళ్లతో తినే మొక్కల దగ్గర మూడు నాలుగు నెలలకోసారి రూట్ ట్యాబ్లెట్లు (వేళ్లకు అందే ఎరువు బిళ్లలు) లోతుగా గుచ్చండి. అనూబియాస్, జావా ఫెర్న్‌లకు మట్టిలో ట్యాబ్లెట్లు పెట్టినా లాభం లేదు, వాటికి ద్రవ ఎరువు కావాలి. ఇనుము వేస్తున్నా చిగురు పాలిపోతుంటే పీహెచ్ చూడండి. ఈడీటీఏ (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టుకునే పదార్థం) రూపంలోని ఇనుము పీహెచ్ 7 దగ్గర నుంచి నిలవదు, డీటీపీఏ రూపం కొంచెం మెరుగు. చిల్లు పడిన ఆకు మళ్లీ పూడదు. ఎరువు మార్చాక రెండు మూడు వారాల్లో వచ్చే కొత్త ఆకుల్ని చూసి నిర్ణయానికి రండి.

ఆకుల అంచులకు నల్లటి కుచ్చులు

చూడగానే లైటు తగ్గించేస్తాం. లైటు ఎక్కువైతే ఈ పాచి ముదురుతుంది, నిజమే. కానీ పాత ట్యాంకులో నేను మొదట అనుమానించేది నీటి ధారనే. నా ట్యాంకులో లైటు 8 గంటల నుంచి 6 గంటలకు తగ్గించి, ఎరువు మార్చి నెలలు గడిపాను. చివరికి ఫిల్టర్ పైపు విప్పితే లోపలంతా మందంగా జిగురు పట్టి ఉంది. నీరు అన్ని మూలలకూ చేరకపోతే కార్బన్ డయాక్సైడ్ ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ అవుతుంది. చెత్త కూడా మూలల్లో చేరుతుంది. ఈ రెండూ ఉన్నచోట నల్ల పాచి స్థిరపడుతుంది.

ఫిల్టర్ శుభ్రం చేసిన రోజే ధార కింద 1 లీటరు మగ్గు పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. నెలకోసారి అదే కొలవండి. కంటికి తెలియని తగ్గుదల ఆ అంకెలో తెలుస్తుంది. పైపులు, ఇంపెల్లర్ (ఫిల్టర్ మోటారులో తిరిగే చక్రం) బ్రష్‌తో రుద్దండి. స్పాంజ్‌ను మాత్రం ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి, క్లోరిన్ ఉన్న నీళ్లలో కడిగితే మంచి బ్యాక్టీరియా పోతుంది.

కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఇస్తుంటే డ్రాప్ చెకర్‌లో (నీటిలో ఆ గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే చిన్న పరికరం) 4 డిగ్రీల కేహెచ్ ద్రావణం పోసి, లైటు వెలిగే సమయానికే ఆకుపచ్చగా ఉండేలా చూడండి. ఆ రంగు గంటకు పైగా ఆలస్యంగా మారుతుంది కాబట్టి గ్యాస్ ముందే మొదలవ్వాలి. పాచి బాగా పట్టిన ఆకులు కత్తిరించేయండి. రాయి, కొయ్య లాంటివి బయటికి తీసి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, కొన్ని నిమిషాలాగి కడిగి పెడితే పాచి ఎర్రబడి చస్తుంది. చచ్చిన పాచిని అమానో రొయ్యలు ఇష్టంగా తింటాయి.

నేల మీద దుప్పటిలా నీలి ఆకుపచ్చ జిగురు, మట్టి వాసన

ఇది పాచి కాదు, సైనోబ్యాక్టీరియా. నైట్రేట్ సున్నాకు పడిపోయినచోట, నీరు కదలనిచోట తరచుగా వస్తుంది. సైఫన్‌తో పీల్చేసి, నీటి కదలిక పెంచి, నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) పైన ఉంచండి. తగ్గకపోతే మూడు నాలుగు రోజులు పూర్తి చీకటి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

మొక్కలు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. గుబురు పెరిగితే, నీళ్లు వేడెక్కితే, పైన జిడ్డు పొర కడితే తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. లైటు ఆరడానికి గంట ముందే గ్యాస్ ఆపండి, రాత్రి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) నడపండి, ఫిల్టర్ మూతిని పైకి తిప్పండి. పగలు కూడా ఇలాగే ఉంటే వెంటనే అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి.

అడుగు నుంచి కుళ్లిన గుడ్డు వాసన

పాత ఆక్వాసాయిల్ గుళికలు నలిగి బురదవుతాయి, ఆక్సిజన్ అందనిచోట హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. పెద్ద మొక్కను ఒక్క లాగుతో పెకిలించకండి, ఆ బురదంతా లేస్తుంది. మట్టిలోకి కత్తెర దింపి మొక్క చుట్టూ వేళ్లు కోసి, సైఫన్ పక్కనే పట్టుకుని నెమ్మదిగా తీయండి.

మట్టే మార్చాల్సి వస్తే మూడో వంతు చొప్పున, విడతకూ విడతకూ మూడు వారాల గ్యాప్ ఇవ్వండి. ఆ మట్టిలోనూ మంచి బ్యాక్టీరియా ఉంటుంది, పైగా కొత్త ఆక్వాసాయిల్ కొన్నాళ్లు అమ్మోనియా వదులుతుంది. నీళ్లు మార్చేటప్పుడు లావు పైపుతో పాత మట్టిని నీళ్లతో పాటే బయటికి లాగేస్తే ట్యాంకు పెద్దగా మురికి కాదు. కొత్త మట్టి వేశాక రెండు వారాలు రోజూ అమ్మోనియా చూడండి. అది సున్నాలో నిలబడితేనే రెండో విడత మొదలుపెట్టండి.