డబ్ల్యూఆర్‌ఎఫ్ కంపైల్ కావట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానును కంప్యూటర్లో మళ్లీ నడిపి చూడాలని ఒక విద్యార్థి ప్రాజెక్ట్ మొదలుపెడతాడు. వాతావరణాన్ని లెక్కకట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ సోర్స్ దించుకుంటాడు. ఆ తర్వాత వారాల తరబడి కంపైలర్‌తోనే సరిపోతుంది. ఆ వారాలను రోజుల్లోకి కుదించడానికే ఇది రాస్తున్నాను. ఉబుంటు లాంటి లినక్స్, జీఫోర్ట్రాన్ కంపైలర్ వాడుతున్నారనుకుని చెబుతున్నాను.

కంపైల్ చివరిదాకా నడిచింది, మెయిన్ ఫోల్డర్లో మాత్రం ఏమీ లేదు

అన్నీ సరిగ్గా జరిగితే అక్కడ నాలుగు ఎగ్జిక్యూటబుల్స్ ఉండాలి: డబ్ల్యూఆర్‌ఎఫ్, రియల్, ఎన్‌డౌన్, టీసీ. లేవంటే లాగ్ చివర "ప్రాబ్లమ్స్ బిల్డింగ్ ఎగ్జిక్యూటబుల్స్" అన్న మాట కనిపిస్తుంది. ఆ మాట మీకు కారణం చెప్పదు.

కంపైల్ స్క్రిప్ట్, ఫైళ్లను వరుసగా కంపైల్ చేయించే మేక్ అనే ప్రోగ్రామ్‌ను "తప్పు వచ్చినా ఆగకు" అనే -ఐ ఆప్షన్‌తో పిలుస్తుంది. కాబట్టి ఎక్కడో ఒక ఫైల్ చెడితే, దాని మీద ఆధారపడిన వందలాది ఫైళ్లు ఒక్కొక్కటిగా చెడుతూ పోతాయి. తెర మీద కనిపించే చివరి తప్పు ఎప్పుడో జరిగినదాని ఫలితం మాత్రమే. మీకు కావలసింది మొట్టమొదటిది.

అందుకే కంపైల్ అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక లాగ్ ఫైల్లోకి మళ్లించండి. అందులో గ్రెప్‌తో "ఎర్రర్" అని వెతికితే, ఆ మాట ఫైళ్ల పేర్లలోనూ ఉంటుంది గనుక, పనికిరాని వరుసలు వెల్లువలా వస్తాయి. మొదటి అక్షరం పెద్దది, చివర కోలన్ పెట్టి వెతకండి. జీఫోర్ట్రాన్ తన తప్పులను ఆ రూపంలోనే రాస్తుంది. మొదట దొరికిన దానికి పైన పది వరుసలు చదవండి. నా దగ్గరకు వచ్చిన వాళ్లలో చాలామందికి ఆ పది వరుసల్లోనే జవాబు దొరికింది.

సరిచేశాక పాత ముక్కల మీదే మళ్లీ కంపైల్ చేయొద్దు. క్లీన్ -ఏ నడిపి, కన్ఫిగర్ నుంచి మొదలుపెట్టండి. కన్ఫిగర్.డబ్ల్యూఆర్‌ఎఫ్ ఫైల్లో మీరు చేత్తో మార్పులు చేసి ఉంటే ముందే కాపీ తీసి పెట్టుకోండి, క్లీన్ దాన్ని కూడా తుడిచేస్తుంది.

నెట్‌సీడీఎఫ్.ఐఎన్‌సీ దొరకలేదంటోంది

డబ్ల్యూఆర్‌ఎఫ్ తన డేటా ఫైళ్లను చదివి రాసేది నెట్‌సీడీఎఫ్ లైబ్రరీతో. దాని 4.2 వెర్షన్ నుంచి సీ లైబ్రరీ, ఫోర్ట్రాన్ లైబ్రరీ విడివిడి ప్యాకేజీలు. సీ ఒక్కటే పెట్టుకుని అంతా ఉందనుకోవడం మొదటి కారణం. రెండోది, ఆప్ట్‌తో రెండూ పెట్టుకున్నా ఉబుంటు లైబ్రరీలను ఆర్కిటెక్చర్ పేరున్న లోపలి ఫోల్డర్లో ఉంచుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ మాత్రం నెట్‌సీడీఎఫ్ వేరియబుల్ చూపించే ఒకే చోట కింద ఇంక్లూడ్, లిబ్ రెండూ పక్కపక్కన ఉంటాయని అనుకుంటుంది.

మీ హోమ్ ఫోల్డర్లో ఒక చోటు పెట్టుకుని, మొదట సీ లైబ్రరీ, తర్వాత ఫోర్ట్రాన్ లైబ్రరీ అదే ప్రిఫిక్స్‌తో (అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటుతో) కట్టుకోండి. ఇందుకు రూట్ అనుమతి అక్కర్లేదు. ఫోర్ట్రాన్ భాగం కన్ఫిగర్ చేసేముందు సీపీపీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ ఆ చోటును చూపాలి. ఎల్‌డీ లైబ్రరీ పాత్ కూడా పెట్టాలి, లేదంటే కన్ఫిగర్ తన పరీక్ష ప్రోగ్రామ్‌ను నడపలేక "కంపైల్ చేసిన ప్రోగ్రామ్ నడవడం లేదు" అని ఆగిపోతుంది. అసలు కారణం కన్ఫిగ్.లాగ్‌లో రాసి ఉంటుంది.

మాడ్యూల్ ఫైల్ చదవలేనంటోంది, వేరే వెర్షన్‌తో తయారైందంటోంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కారణం తెలియక జనం ఎక్కువ నలిగేది ఇక్కడే. ఫోర్ట్రాన్ .మాడ్ ఫైలు సీ హెడర్ లాంటి మామూలు పాఠ్యం కాదు. ఏ కంపైలర్ తయారుచేసిందో ఆ కంపైలరే దాన్ని చదవగలదు. ఇంటెల్ కంపైలర్‌తో కట్టిన నెట్‌సీడీఎఫ్‌ను జీఫోర్ట్రాన్ ముందు పెడితే, ఇది తన ఫైలే కాదంటుంది. సర్వర్లో మాడ్యూల్ లోడ్ చేసి తెచ్చుకున్న నెట్‌సీడీఎఫ్ ఒక కంపైలర్‌ది, మీ పాత్‌లో ఉన్నది మరొకటి అయితే ఇదే జరుగుతుంది. పైథాన్ ప్యాకేజీల కోసం వాడే అనకొండ (కోండా) పాత్‌లో ముందుంటే దాని కంపైలర్, పనిని చాలా ప్రాసెస్‌లకు పంచే ఎంపీఐ లైబ్రరీ, నెట్‌సీడీఎఫ్ వివరాలు చెప్పే ఎన్‌ఎఫ్-కన్ఫిగ్ అన్నీ మీకు తెలియకుండానే దూరతాయి.

విచ్ కమాండ్‌తో జీఫోర్ట్రాన్, ఎంపీఐఎఫ్90, ఎంపీఐరన్, ఎన్‌ఎఫ్-కన్ఫిగ్ నాలుగూ ఎక్కడివో చూడండి. ఎన్‌ఎఫ్-కన్ఫిగ్‌ను ఎఫ్‌సీ ఆప్షన్‌తో అడిగితే తనను ఏ కంపైలర్‌తో కట్టారో చెబుతుంది. కోండాను డీయాక్టివేట్ చేసి, ఎంపీఐ, నెట్‌సీడీఎఫ్, డబ్ల్యూఆర్‌ఎఫ్ అన్నిటినీ ఒకే కంపైలర్‌తో మళ్లీ కట్టండి. అతుకులు వేసి నెట్టుకురావాలని చూస్తే ఇంకా ఎక్కువ కాలం పోతుంది.

టైప్ మిస్‌మ్యాచ్, ర్యాంక్ మిస్‌మ్యాచ్

నిన్నటిదాకా కంపైల్ అయిన పాత ఎంపీఐసీహెచ్ 3.3 (ఒక ఎంపీఐ ప్యాకేజీ) గానీ, పాత నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్ గానీ కొత్త మెషిన్ మీద ఈ తప్పుతో ఆగితే కోడ్ చెడలేదు. 2020లో వచ్చిన జీసీసీ 10 (జీఫోర్ట్రాన్ ఇందులో భాగమే) నుంచి, ఒకే రొటీన్‌ను వేర్వేరు రకాల ఆర్గ్యుమెంట్లతో పిలవడాన్ని జీఫోర్ట్రాన్ తప్పుగా లెక్కిస్తోంది. ఎఫ్‌ఫ్లాగ్స్, ఎఫ్‌సీఫ్లాగ్స్ రెండింటిలోనూ -ఎఫ్‌ఎలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్ చేర్చండి. కొత్త వెర్షన్ దొరికితే అదే మేలు.

"కిల్డ్" అని వచ్చి ఎఫ్951 ఆగిపోయింది

మెమరీ చాలలేదు. ఎఫ్951 అంటే జీఫోర్ట్రాన్ లోపలి అసలు కంపైలర్. కంపైల్‌ను -జే 1తో నడపండి.

డబ్ల్యూపీఎస్‌లో కొన్నే తయారయ్యాయి

డబ్ల్యూపీఎస్ అంటే డబ్ల్యూఆర్‌ఎఫ్‌కు ఇన్‌పుట్ సిద్ధం చేసే తోడు ప్యాకేజీ. జియోగ్రిడ్, అన్‌గ్రిబ్, మెట్‌గ్రిడ్ అందులోని ప్రోగ్రామ్‌లు. ఏది లేదో చూస్తే కారణం తెలిసిపోతుంది. అన్‌గ్రిబ్ ఒక్కటే లేకపోతే జాస్పర్, లిబ్‌పీఎన్‌జీ, జెడ్‌లిబ్ అనే లైబ్రరీలలో ఏదో దొరకలేదు. జాస్పర్‌లిబ్, జాస్పర్‌ఇంక్ వేరియబుల్స్ చూడండి. జియోగ్రిడ్, మెట్‌గ్రిడ్ లేకుండా అన్‌గ్రిబ్ ఉంటే, డబ్ల్యూఆర్‌ఎఫ్ ముందుగా కంపైల్ కాలేదు, లేదా లింక్ వరుసలో -ఎల్‌జీఓఎంపీ (ఓపెన్‌ఎంపీ లైబ్రరీ) లేదు. ఆ వరుసలో -ఎల్‌నెట్‌సీడీఎఫ్‌ఎఫ్ ముందు, -ఎల్‌నెట్‌సీడీఎఫ్ తర్వాత ఉండాలి.

కట్టడం అయింది, నడవడమే లేదు

నాలుగు ప్రాసెస్‌లు అడిగితే "టాస్క్ 0 ఆఫ్ 1" అని నాలుగుసార్లు వస్తోందా? కంపైల్‌కు వాడిన ఎంపీఐ ఒకటి, నడుపుతున్న ఎంపీఐరన్ మరొకటి. కంపైలర్ పక్కనే ఉన్న ఎంపీఐరన్‌ను పూర్తి పాత్‌తో పిలవండి.

మొదలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే ముందు యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్ పెట్టి చూడండి, స్టాక్ చాలక పడిపోవడం ఎక్కువ. కాసేపు నడిచాక పడిపోతే ఆర్‌ఎస్‌ఎల్ ఫైళ్లలో (ప్రతి ప్రాసెస్ రాసే లాగ్‌లలో) సీఎఫ్‌ఎల్ అనే మాట వెతకండి, అది లెక్క స్థిరంగా ఉండటానికి టైమ్ స్టెప్‌కు ఉన్న హద్దు పేరు. అది కనిపిస్తే మీ బిల్డ్ బాగానే ఉంది, టైమ్ స్టెప్ పెద్దదైంది. సెకన్లలో టైమ్ స్టెప్ కిలోమీటర్లలో గ్రిడ్ దూరానికి ఆరు రెట్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 9 కిలోమీటర్ల గ్రిడ్‌కు 54. తుఫాను కేసుల్లో నేను 45తో మొదలుపెడతాను, అప్పటికీ పడిపోతే 36కి దిగుతాను.