అవుట్‌లుక్ ఫోల్డర్‌కి సొంత ఐకాన్: రాకపోయినా, వచ్చి పోయినా ఏం చేయాలి?

నా అవుట్‌లుక్‌లో ఇరవైకి పైగా ఫోల్డర్లున్నాయి. కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నాన్నగారి ఆసుపత్రి రిపోర్టులు అన్నీ చూడ్డానికి ఒకేలా ఉండేవి. డాక్టరు ఎదుట కూర్చుని పాత రిపోర్టు కోసం ఒక్కో పేరూ చదువుకుంటూ పోవడం ఎంత టెన్షనో అనుభవించాక, ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో ఐకాన్ పెట్టుకున్నాను. అవుట్‌లుక్ 2010 నుంచి సెట్‌కస్టమ్‌ఐకాన్ అనే ఆదేశం ఉంది, వీబీఏ మ్యాక్రోతో (అంటే ఆఫీస్ ప్రోగ్రాముల లోపలే రాసుకునే చిన్న కోడ్‌తో) వాడుకోవచ్చు. ఇది మొరాయించే చోట్లు కొన్నే. అవి తెలిస్తే పని తేలిక.

ఏం తేడా వచ్చినా ముందు ఈ పరీక్ష చేయండి. ఐకాన్ కావాల్సిన ఫోల్డర్‌ మీద క్లిక్ చేసి, ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కండి. వీబీఏ ఎడిటర్ తెరుచుకుంటుంది. కంట్రోల్, జీ నొక్కితే కింద ఇమ్మీడియట్ విండో వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే లైను: అప్లికేషన్ డాట్ యాక్టివ్‌ఎక్స్‌ప్లోరర్ డాట్ కరెంట్‌ఫోల్డర్ డాట్ సెట్‌కస్టమ్‌ఐకాన్, ఒక ఖాళీ వదిలి లోడ్‌పిక్చర్, దాని బ్రాకెట్లో డబుల్ కోట్స్ మధ్య ఐకాన్ ఫైల్ పూర్తి పాత్ (డ్రైవ్ నుంచి ఫైల్ పేరు దాకా చిరునామా). ఎంటర్ కొట్టగానే ఐకాన్ మారితే మీ బొమ్మ ఫైల్లో ఏ దోషమూ లేదు. గొడవ ఫోల్డర్ పేరు దగ్గరో, మ్యాక్రో నడిచే వేళ దగ్గరో ఉంది. మారకపోతే బొమ్మనో, ఆ ఫోల్డర్‌నో అనుమానించాలి.

అవుట్‌లుక్ మూసి తెరిస్తే ఐకాన్ పోతోంది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. మీ తప్పేం లేదు. ఈ ఐకాన్ అవుట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపే ఉంటుంది, ఎక్కడా సేవ్ కాదు. కాబట్టి తెరిచిన ప్రతిసారీ మళ్లీ పెట్టించాలి.

ఎడిటర్‌లో ఎడమవైపు దిస్‌అవుట్‌లుక్‌సెషన్ అని ఉంటుంది, దానిమీద డబుల్ క్లిక్ చేయండి. కోడ్ విండో పైన ఎడమ లిస్టులో అప్లికేషన్, కుడి లిస్టులో స్టార్టప్ ఎంచుకుంటే ఖాళీ ప్రొసీజర్ వస్తుంది. ఐకాన్లు పెట్టే లైన్లన్నీ అందులో రాయాలి. అదే కోడ్‌ని విడిగా మాడ్యూల్1 అనే ఇంకో కోడ్ విండోలో రాస్తే చేత్తో నడిపినప్పుడు పనిచేస్తుంది గానీ, అవుట్‌లుక్ తెరిచినప్పుడు దానంతటది నడవదు. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది ఇక్కడే.

సరైన చోటే రాసినా నడవకపోతే మ్యాక్రో సెక్యూరిటీ అడ్డుపడుతోందన్నమాట. సంతకం లేని మ్యాక్రోలని అవుట్‌లుక్ మామూలుగా చడీచప్పుడు లేకుండా ఆపేస్తుంది. అన్ని మ్యాక్రోలనీ అనుమతించే సెట్టింగ్ జోలికి మాత్రం వెళ్లకండి. మెయిల్ ద్వారానే వైరస్‌లు వచ్చే చోట తలుపులు బార్లా తెరిచి పెట్టుకోకూడదు. ఆఫీస్‌తో పాటు వచ్చే సెల్ఫ్‌సర్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో మీ పేరున సర్టిఫికెట్ చేసుకుని, ఎడిటర్‌లో టూల్స్ మెనూ కింద డిజిటల్ సిగ్నేచర్‌లో దాన్ని ఎంచుకుని, సేవ్ చేసి అవుట్‌లుక్ మళ్లీ తెరవండి. నమ్మమంటారా అని అడిగినప్పుడు ఒప్పుకుంటే సరి. ఆఫీసు కంప్యూటర్ అయితే ముందు ఐటీ వాళ్లనడగండి.

ఎర్రర్ 481, ఎర్రర్ 53

481 అంటే బొమ్మ చెల్లదని. లోడ్‌పిక్చర్‌కి పీఎన్‌జీ చదవడం రాదు. ఫైల్ పేరు చివర ఐకో (ఐకాన్ ఫైళ్లకుండే ముగింపు) అని మార్చినంత మాత్రాన పీఎన్‌జీ ఐకాన్ అయిపోదు, కన్వర్టర్‌తో నిజంగా మార్చాలి. సైజు 16, 24, 32 పిక్సెళ్లలో ఏదో ఒకటి, చదరంగా. వేరే సైజయితే బొమ్మ లోడ్ అయినా సెట్‌కస్టమ్‌ఐకాన్ దగ్గర ఆగిపోతుంది.

53 అంటే ఫైల్ అక్కడ లేదని. డెస్క్‌టాప్ మీద కనిపిస్తూనే ఉందే అనిపిస్తుంది. కానీ వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ అసలు పాత్ వేరుగా ఉంటుంది. ఐకాన్లకి సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి, ఫైళ్లకి ఇంగ్లిష్‌లో పొట్టి పేర్లు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలే

మన భాషలో పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇది తప్పదు. "బిల్లులు" అని కాపీ చేసి కోడ్‌లో పేస్ట్ చేస్తే, వీబీఏ ఎడిటర్‌లో ఎనిమిది ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తాయి. ఈ ఎడిటర్ పాతకాలపు కోడ్ పేజీల (కొన్ని భాషలకే సరిపోయే అక్షరాల పట్టికల) మీద నడుస్తుంది, వాటిలో తెలుగుకి చోటు లేదు. ప్రశ్నార్థకాల పేరుతో ఫోల్డర్ దొరకదు కాబట్టి వస్తువు కనబడలేదని ఎర్రర్ వస్తుంది. మీ ఫోల్డర్ పేరు చెడిపోలేదు, కంగారు పడకండి. లోపల అది యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ ఒక అంకె ఇచ్చే పద్ధతిలో) భద్రంగానే ఉంది.

అందుకని ఫోల్డర్ పేరు మార్చుకోనక్కర్లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, పేరుని అక్షరాల అంకెలతో కట్టడం. సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ అనే ఫంక్షన్‌కి యూనికోడ్ అంకె ఇస్తే ఆ అక్షరం వస్తుంది. "బిల్లులు"కి 3116, 3135, 3122, 3149, 3122, 3137, 3122, 3137. ఇందులో 3116 బ, 3135 గుడి, 3122 ల, 3149 పొల్లు, 3137 కొమ్ము. ఒక్కొక్కటీ ఫంక్షన్‌లో వేసి ఆంపర్‌శాండ్ గుర్తుతో కలుపుతూ పోవాలి.

రెండోది నాకు ఇష్టమైనది. ప్రతి ఫోల్డర్‌కీ ఎంట్రీఐడీ అని ఒక పొడవాటి గుర్తు ఉంటుంది, అందులో ఉండేవి అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలే. ఫోల్డర్ మీద క్లిక్ చేసి, ఇమ్మీడియట్ విండోలో ప్రశ్నార్థకం పెట్టి, పక్కన పరీక్షలో వాడిన వరుసనే కరెంట్‌ఫోల్డర్ దాకా రాసి, చివర డాట్ ఎంట్రీఐడీ చేర్చి ఎంటర్ కొట్టండి. అది బయటపడుతుంది. కోడ్‌లో సెషన్ డాట్ గెట్‌ఫోల్డర్‌ఫ్రమ్‌ఐడీకి దాన్ని ఇస్తే పేరుతో పనే లేదు. తర్వాత పేరు మార్చుకున్నా చెక్కుచెదరదు. ఫోల్డర్‌ని వేరే అకౌంట్‌కో, వేరే పీఎస్‌టీ ఫైల్‌కో (అవుట్‌లుక్ మెయిళ్లు దాచే ఫైల్) తరలిస్తే మాత్రం కొత్త ఐడీ తీసుకోవాలి.

కొన్నిటికి వచ్చి కొన్నిటికి రాకపోతే

ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్ లాంటి సిద్ధంగా వచ్చే ఫోల్డర్లకి ఐకాన్ మార్చనివ్వరు. మీరు చేసుకున్నవాటికీ, సెర్చ్ ఫోల్డర్లకీ కుదురుతుంది. మీ కోడ్‌లోని ఫోల్డర్లలో ఇన్‌బాక్స్ ఉంటే అక్కడే కోడ్ ఆగి, కింద ఉన్నవన్నీ మిగిలిపోతాయి. అలాగని కోడ్ పైన ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్ (ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైనుకి పొమ్మనే ఆదేశం) పెట్టేస్తే తప్పు ఎక్కడుందో ఇక ఎప్పటికీ కనబడదు. ఆ లైను తీసేశాకే వెతకడం మొదలుపెట్టండి.

ఎక్సెల్ మ్యాక్రో నుంచి అవుట్‌లుక్‌ని నడిపించి ఐకాన్ పెట్టాలన్నా కుదరదు. బొమ్మ ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానిలోకి దాటదు. కోడ్ అవుట్‌లుక్ లోపలే ఉండాలి.

ఆల్ట్, ఎఫ్11 నొక్కితే ఎడిటరే రావడం లేదు

మీరున్నది కొత్త అవుట్‌లుక్ కావచ్చు. దానిలో వీబీఏ లేదు. పైన కుడివైపు కొత్త అవుట్‌లుక్ అనే స్విచ్ ఉంటే దాన్ని ఆఫ్ చేసి క్లాసిక్‌కి రావాలి. మ్యాక్ అవుట్‌లుక్‌లోనూ వీబీఏ లేదు. క్లాసిక్‌లో పెట్టిన ఐకాన్ కూడా ఫోన్లోనూ బ్రౌజర్లోనూ కనబడదు. అక్కడ కూడా గుర్తు కావాలంటే ఫోల్డర్ పేరు మొదట్లో ఒక ఎమోజీ చేర్చుకోండి. ఎమోజీ కూడా వీబీఏ ఎడిటర్‌లో ప్రశ్నార్థకాలుగానే మారుతుంది కాబట్టి, ఆ ఫోల్డర్‌ని కోడ్‌లో ఎంట్రీఐడీతోనే పిలవండి. నాన్నగారి రిపోర్టుల ఫోల్డర్‌కి నేను చేసింది అదే: పేరులో గుండె ఎమోజీ, కంప్యూటర్లో ఎర్ర ఐకాన్.