అప్‌డేట్ తరువాత సొంత సర్టిఫికెట్ మాయమైతే: సమస్య - పరిష్కారం

సమస్య

లినక్స్ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను అప్‌డేట్ చేసిన కాసేపటికే, అంతవరకు ఏ ఇబ్బందీ లేని వెబ్‌సైట్‌ విషయంలో బ్రౌజర్లు భద్రతా హెచ్చరికలు చూపడం మొదలుపెడతాయి. సర్టిఫికెట్ (వెబ్‌సైట్ గుర్తింపును ధ్రువీకరించే ఫైలు) గడువు తీరిందని వెంటనే నిర్ణయించుకోకుండా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ అనే టూల్‌లోని ఎస్‌-క్లయింట్ (openssl s_client) కమాండ్‌తో సర్వర్ వాస్తవంగా ఏ సర్టిఫికెట్ ఇస్తున్నదో చూడాలి. అందులో సబ్జెక్ట్ (ఎవరి పేరిట ఉందో), ఇష్యూయర్ (ఎవరు జారీ చేశారో) రెండూ ఒకటే అయి, చెల్లుబాటు మొదలైన తేదీ అప్‌డేట్ చేసిన రోజే అయితే, అది ఇన్‌స్టాలర్ పుట్టించిన, తనకు తానే సంతకం చేసుకున్న (సెల్ఫ్‌సైన్డ్) సర్టిఫికెట్ అని దాదాపుగా తేలినట్టే. ఫైలు మారినా సర్వీస్ రీస్టార్ట్ కాకపోతే పాత సర్టిఫికెట్టే మెమరీలో కొనసాగుతుంది కనుక, సమస్య ఎప్పుడో రీబూట్ చేసినప్పుడు బయటపడి, అప్‌డేట్ మీద ఎవరికీ అనుమానమే రాకపోవచ్చు.

కారణం

డెబియన్, ఉబుంటులలో కాన్ఫ్‌ఫైల్‌గా (ప్యాకేజీతో వచ్చే సెట్టింగుల ఫైలుగా) నమోదైన ఫైలును మీరు మార్చి ఉండగా కొత్త వెర్షన్‌లోనూ అది మారితే, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ (dpkg) ప్రోగ్రామ్ ఏది ఉంచాలో అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే మీ ప్రతే నిలుస్తుంది. ఆటోమేషన్ స్క్రిప్ట్‌లో ఎవరైనా ఫోర్స్-కాన్ఫ్‌న్యూ అని రాసి ఉంటే ఆ ప్రశ్నే రాదు, కొత్త ఫైలు వచ్చి కూర్చుంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అదే పని చేసే ఆర్‌పీఎంలో నిర్ణయం ప్యాకేజీ తయారుచేసినవారిది: నోరీప్లేస్ అని గుర్తు పెట్టి ఉంటే మీ ఫైలు అలాగే ఉండి కొత్తది ఆర్‌పీఎంన్యూ పేరుతో పక్కన చేరుతుంది, కాన్ఫిగ్ అని మాత్రమే ఉంటే మీదే ఆర్‌పీఎంసేవ్‌గా పక్కకు పోతుంది.

సర్టిఫికెట్ల సంగతి ఇంతకంటే చిక్కు. చాలాసార్లు అవి ప్యాకేజీలోనే ఉండవు. ఇన్‌స్టాల్ చివర నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్ట్ వాటిని తయారుచేస్తుంది కనుక పై రక్షణలేవీ వాటికి వర్తించవు. స్థానిక మార్పులను కాపాడి తీరాలని డెబియన్ పాలసీ చెబుతున్నా, అజాగ్రత్తగా రాసిన స్క్రిప్ట్ ఆ ఫైలు ఎవరిదో చూడదు. డిఫాల్ట్ ఫైలు పేరు మీదనే సొంత సర్టిఫికెట్‌ను కాపీ చేసే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది.

పరిష్కారం

ముందుగా ఈటీసీ డైరెక్టరీలో డీపీకేజీ-ఓల్డ్, ఆర్‌పీఎంసేవ్ అనే తోకలున్న ఫైళ్లను వెతికి, ఫైళ్ల తేడాలు చూపే డిఫ్‌ కమాండ్‌తో పోల్చి, మీ సెట్టింగులను తిరిగి చేర్చండి. ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కు జతగా ఉండే రహస్య ఫైలు) కూడా చెరిగిపోయి, బ్యాకప్ లేకుంటే, దానికోసం వెతుకుతూ కాలం గడపకుండా కొత్త కీతో సర్టిఫికెట్‌ను మళ్లీ జారీ చేయించుకోవడమే దారి.

పాత ఫైలును తిరిగి పెట్టి ఊరుకుంటే తరువాతి అప్‌డేట్‌లో కథ మళ్లీ మొదటికి వస్తుంది. సర్టిఫికెట్‌కూ కీకీ ఏ ప్యాకేజీకీ చెందని పేర్లు పెట్టి, కాన్ఫిగరేషన్‌లో ఆ దారినే చూపాలి. సర్వీస్‌కు డ్రాప్-ఇన్ డైరెక్టరీ (అదనపు సెట్టింగుల ఫైళ్లు ఉంచే చోటు) ఉంటే మార్పులను అందులోనే వేరే ఫైలుగా రాయాలి. ఇతర సర్టిఫికెట్లను ధ్రువీకరించే సొంత రూట్ సర్టిఫికెట్‌ను, సిస్టమ్ నమ్మే సర్టిఫికెట్లన్నీ ఉండే ఉమ్మడి బండిల్‌లో చేత్తో అతికిస్తే, అది మళ్లీ తయారైనప్పుడల్లా తుడిచిపెట్టుకుపోతుంది. డెబియన్‌లో దానిని /usr/local/share కింద ఉన్న సీఏ-సర్టిఫికెట్స్ డైరెక్టరీలో ఉంచి అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ నడపాలి. ఫైలు పేరు సీఆర్‌టీతో ముగియాలి. పీఈఎం అని ఉంటే ఆ కమాండ్ దానిని పట్టించుకోదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో యాంకర్స్ డైరెక్టరీ, అప్‌డేట్-సీఏ-ట్రస్ట్ అదే పని చేస్తాయి.