పదో తరగతి సావనీర్: ఏడు నుంచి పది దాకా నాలుగేళ్లను అచ్చులోకి తేవడం ఎలా

వీడ్కోలు పుస్తకం సంగతి చాలా బళ్లలో ఫిబ్రవరిలో గుర్తొస్తుంది. అప్పటికి పిల్లలు ప్రీ-ఫైనల్స్‌లో, ప్రెస్సులు మాఘమాసం శుభలేఖల్లో మునిగి ఉంటాయి. విజయవాడ గవర్నర్‌పేటలో అడిగినా, గుంటూరు అరండల్‌పేటలో అడిగినా ‘వచ్చే వారం చూద్దాం’ అంటారు. డిసెంబరులో వెళ్తే క్యాలెండర్లు, డైరీల హడావిడి. అందుకని దసరా సెలవులు కాగానే మ్యాటర్ పోగేయడం మొదలుపెట్టండి. డిసెంబరులో పేజీలు కట్టించి, సంక్రాంతికి ముందే ప్రూఫులు (తప్పులు దిద్దడానికి తీసే నమూనా పేజీలు) ముగించండి. పండగ వెళ్లిన వారంలో అచ్చుకు ఇస్తే సరిపోతుంది.

మొదటి పని ఫొటోలు కాదు, పేర్లు. పదో తరగతి హాజరుపట్టీ ఒక్కటే చూస్తే ఇప్పుడున్నవాళ్లే కనిపిస్తారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది రిజిస్టర్లు కూడా ఆఫీసులో అడిగి తీయించండి. టీసీ తీసుకుని వెళ్లినవాళ్లు, సెక్షను మారినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు వాటిలోనే దొరుకుతారు. వాళ్లకూ ఒక పేజీ ఇవ్వాల్సిందే. రెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లను వదిలేస్తే అది నాలుగేళ్ల పుస్తకం ఎలా అవుతుంది? పేరు పక్కన ‘7, 8 తరగతులు’ అని వేస్తే చాలు. ఎందుకు వెళ్లారో రాయొద్దు. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, పుట్టినరోజులు ఎవరివీ అచ్చేయొద్దు. ఫొటో వేయడానికి ఇంట్లోవాళ్ల సంతకం తీసుకోండి.

48 మంది తరగతికి లెక్క ఇలా వేయొచ్చు: పేజీకి నలుగురు చొప్పున 12 పేజీలు, నాలుగేళ్ల ఫొటోలకు 16, మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు 1, పిల్లల రాతలకు 7, టీచర్లకు 2, పేరుపేజీ, విషయసూచిక కలిపి 2, ఆటోగ్రాఫులకు 8. మొత్తం 48, అంటే సరిగ్గా మూడు 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట). ఆఫ్‌సెట్ అచ్చులో 50 అయిందంటే ఆ రెండు పేజీల కోసం లెక్కంతా తిరగబడుతుంది. నాలుగేళ్లకూ తలా నాలుగు పేజీలు పంచాలన్న పట్టుదల వద్దు. ఏడో తరగతి ఫొటోలు ఎటూ తక్కువే ఉంటాయి. కొండపల్లి ఖిల్లా ఎక్కిన రోజుకు రెండు పేజీలు ఇచ్చినా తప్పులేదు.

ఫొటోల దగ్గర చెడేది ఎక్కువగా వాట్సాప్ వల్లే. మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. అచ్చుకు అంగుళానికి 300 కావాలి కాబట్టి ఆ ఫొటో ఐదంగుళాలకు మించి సాగదు. అంతకన్నా పెద్దగా వేస్తే మొహాలు పిండి చల్లినట్టు వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంకో చిక్కు: ఫైలు పేరు IMG-20240815-WA అని మొదలైతే ఆ ఫొటో 2024 ఆగస్టు 15న ఫోనులోకి వచ్చిందని అర్థం, ఆ రోజే తీశారని కాదు. తేదీ ఇద్దరిని అడిగి ఖాయం చేసుకున్నాకే కింద రాయండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లను ముంచినప్పుడు ఆల్బమ్‌లు కూడా నానిపోయాయి. అతుక్కుపోయిన స్టూడియో ప్రింట్లను పొడిగా ఉండగా లాగితే బొమ్మ పొర ఊడి వస్తుంది. మంచినీళ్ల పళ్లెంలో అరగంట నాననిచ్చి, ఒక మూల నుంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. ఇంక్‌జెట్ ప్రింటును మాత్రం నీళ్లలో వేయకండి, రంగు కరిగిపోతుంది. ఫ్రేము అద్దానికి అంటుకుపోయినదాన్ని పీకొద్దు. అద్దం తుడిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా అద్దం మీద నుంచే ఫొటో తీయండి. చిన్న పాస్‌పోర్టు సైజు ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించాలి.

గ్రూప్ ఫొటో ప్రార్థన అవ్వగానే, బడి భవనం నీడలో తీయించండి. వేపచెట్టు కింద బాగుంటుందనిపిస్తుంది గానీ ఆకుల సందుల ఎండ మొహాల మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది. కుర్చీల్లో టీచర్లు, ముందు జంపఖానా మీద 14 మంది, కుర్చీల వెనక 17, బెంచీల మీద 17. కనీసం ఎనిమిది షాట్లు. యాభై మందిలో ఎవరో ఒకరు కళ్లు మూస్తూనే ఉంటారు. ఎవరూ కదలకముందే ఫోనులో వీడియో పెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరితో పేరు చెప్పించండి. పేర్ల వరస తర్వాత రాసుకోవచ్చులే అనుకుంటే తప్పక తప్పుతుంది.

పిల్లలు ఫోనులో కొట్టిన తెలుగు యూనికోడ్. డీటీపీలో చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోవచ్చు. లక్ష్మి, జ్యోత్స్న లాంటి పేర్లున్న ప్రతి వరసనూ వేలు పెట్టి చదవండి. ప్రూఫు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు హాజరుపట్టీ చూడాలి. ఇంటిపేరు విషయంలో ఎవరి పేరు వాళ్లకే చూపించి టిక్కు పెట్టించుకోవడం మేలు.

వందలోపు కాపీలైతే డిజిటల్ ప్రింటే నయం, ఆఫ్‌సెట్‌కు ప్లేట్ల ఖర్చు గిట్టదు. ఫొటో పేజీలకు 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ పేపర్, అట్టకు 300 జీఎస్ఎం, పైన మ్యాట్ లామినేషన్. పర్ఫెక్ట్ బైండింగ్ (వీపున జిగురుతో అట్ట అంటించేది) అయితే లోపలి అంచున 20 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే ఆ పక్కనున్నవాడి సగం మొహం జిగురులోకి పోతుంది. నీడలో తీసిన ఫొటోలు అచ్చులో ఇంకాస్త నల్లబడతాయి, ముందే కొంచెం వెలుగు పెంచి, ఒక పేజీ నమూనా తీయించుకున్నాకే మిగతాది సరే అనండి.

ఆటోగ్రాఫు పేజీలకు మాత్రం ఆర్ట్ పేపర్ వద్దు, 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో (మెరుపు పూత లేని మామూలు తెల్ల కాగితం) వేయించండి. నున్నటి కాగితం మీద జెల్ పెన్ను ఆరదు. పుస్తకం మూయగానే ఎదుటి పేజీకి అంటుతుంది. కాపీల లెక్కలో టీచర్లను, లైబ్రరీని, మధ్యలో వెళ్లిపోయినవాళ్లను కలుపుకోండి. హాల్ టికెట్లు బడిలోనే ఇస్తుంటే ఆ రోజు దాదాపు అందరూ వస్తారు, అప్పుడే పంచండి. బాల్ పెన్నుల డబ్బా ఒకటి దగ్గరుంచుకోండి.