ఎక్స్‌రే బాగుంది, మణికట్టు నొప్పి మాత్రం తగ్గలేదు

వానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో చేయి పట్టుకొని వచ్చేవాళ్లు పెరుగుతారు. బండి జారగానే ఎవరైనా అరచేయి ముందుకు చాపే పడతారు. దెబ్బ తగిలిన చోటు కదలకుండా కట్టాలని, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలని మీకు తెలుసు కనుక నేరుగా అసలు సంగతికి వస్తాను.

భుజం గుండ్రదనం పోయింది, చేయి ఒంటికి ఆనడం లేదు

భుజం కీలు తప్పింది. ఎక్కువసార్లు ముందుకే తప్పుతుంది. పక్కనున్నవారెవరూ లాగి సర్దకూడదు. కీలుతో పాటు ఎముకా విరిగి ఉండవచ్చు, అది ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు. భుజం బయటివైపు చర్మం మొద్దుబారిందేమో తాకి చూసి డాక్టరుకు చెప్పండి, నరం దెబ్బతిన్న గుర్తు కావచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక దారిలో టీ కూడా తాగించకండి.

మణికట్టు నొప్పి, ఎక్స్‌రేలో ఏమీ లేదు

దీన్ని అందరూ బెణుకు అంటారు. నేనూ అన్నాను. ఇళ్లకు సరుకులు చేరవేసే ఒక కుర్రాడిని అలాగే పంపించేశాను. నాలుగు నెలల తరువాత, బండి యాక్సిలరేటర్ తిప్పలేకపోతున్నానంటూ తిరిగి వచ్చాడు. ఈసారి ఎక్స్‌రేలో ఎముక రెండు ముక్కలుగా స్పష్టంగా కనిపించింది. మధ్యలో ఎక్కడో పసరు కట్టు వేయించుకున్నాడు కానీ, తప్పు మొదలైంది నా దగ్గరే.

ఆ ఎముక స్కాఫాయిడ్. జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. ఇది విరిగినా చేయి వంకరపోదు, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, వేళ్లు ఆడతాయి. సన్నని పగులైతే మొదటి రోజు ఎక్స్‌రేకు దొరకకపోవచ్చు. పైగా దీనికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. నడిమధ్య విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం సరిగా అందదు. అతుకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు అతకదు, ఆ ముక్క చచ్చిపోవడమూ ఉంది. వదిలేస్తే కొన్నేళ్లకు కీలు అరిగిపోతుంది.

అందుకే ఈ ఒక్క పరీక్ష మానవద్దు. బొటనవేలిని బాగా చాపి పైకెత్తండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, చిన్న గుంట పడుతుంది. పాతకాలం వాళ్లు ముక్కుపొడి పోసుకొని పీల్చిన గుంట అదే. అందులో చూపుడువేలి కొనతో నొక్కండి. రెండో చేతికీ అలాగే నొక్కి పోల్చండి. దెబ్బ తగిలిన వైపే చురుక్కుమంటే, ఎక్స్‌రే ఎంత బాగున్నా విరిగిందనే అనుకొని నడుచుకోవాలి. అర నిమిషం పని. ఫిల్మును వెలుతురుకు పట్టి చూసేవారే తప్ప ఆ గుంటలో వేలు పెట్టి చూసేవారు కనిపించరు.

స్కాఫాయిడ్ కోసం వేరే కోణాల్లో ఎక్స్‌రే తీయించండి. అప్పటికీ తేలకపోతే పట్టీ వేయించి, 10-14 రోజుల తరువాత మళ్లీ తీయించాలి. ఈలోగా పగులు అంచులు కరిగి గీత బయటపడుతుంది. అంతవరకు ఆగలేనివారికి ఎంఆర్‌ఐ తొలి రోజుల్లోనే చూపిస్తుంది. ముక్కలు జరగకపోతే సాధారణంగా పిండికట్టు 6 నుంచి 12 వారాలు. జరిగినా, ముంజేతి వైపు కొన విరిగినా స్క్రూ వేయించుకోవడమే మేలు. సిగరెట్ మానండి, అది అతుకును ఆలస్యం చేస్తుంది. నొప్పి లేదని మూడో వారంలోనే కట్టు కోసేసుకొని బండెక్కినవారున్నారు, దయచేసి ఆ పని చేయకండి. నగరంలో ఎటు చూసినా పుత్తూరు కట్టు బోర్డులే. ఆ గుంటలో నొప్పి ఉన్న చేతిని మాత్రం పరీక్షలు పూర్తికాకుండా ఎవరి కట్టుకూ అప్పగించవద్దు.

కట్టు వేశాక నొప్పి పెరుగుతోంది

లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుంది. వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, ఇంకొకరు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా మాత్ర వేసుకొని పడుకోకండి. అర్ధరాత్రయినా వెళ్లి విప్పించుకోవాలి. కండరం గంటల్లోనే చచ్చిపోతుంది.

మిగిలినవి

భుజం వెనక్కి తప్పడం అరుదు, కానీ ఫిట్స్ లేదా కరెంటు షాక్ తరువాత అలా తప్పవచ్చు. ఫిట్స్ వచ్చాయనో, షాక్ కొట్టిందనో చెబితే చాలు, డాక్టరు వేరే కోణంలో ఎక్స్‌రే తీయిస్తారు. ప్రమాదంలో తుంటి కీలు తప్పితే వెంటనే 108కు ఫోన్ చేయండి, ఆరు గంటల లోపు సర్దాలి. రెండేళ్ల పిల్లను చేయి పట్టి పైకి లేపాక ఆ చేయి కదపడం మానేసిందంటే సాధారణంగా మోచేతి దగ్గర ఎముక కొద్దిగా జారి ఉంటుంది. డాక్టరు ఒక్క మలుపుతో సర్దుతారు, కాసేపటికి పిల్ల అదే చేత్తో బిస్కెట్ అందుకుంటుంది.